బండి చప్పుడు: కందెన నాటి నుండి స్ట్రట్టు వరకు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, రంగారెడ్డి జిల్లా గండిపేట మండలములో పుప్పాలగూడ అను ఊరు కలదు. ఒకప్పుడు అది పొలములును, కొండరాతి గుట్టలును గల పల్లె. 1998లో మాదాపూరులో సైబర్ టవర్సు భవనము ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతపు రూపురేఖలు మారసాగినవి. 2008లో గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు బాహ్య వలయ రహదారి మొదటి భాగము తెరువబడినది. ఆ రహదారి పుప్పాలగూడ పక్కగనే పోవుచున్నది. ఎడ్లబండ్లు నడచిన దారులలో నేడు వేలకొలది కార్లును, ఉద్యోగులను కార్యాలయములకు చేరవేయు ట్యాక్సీలును తిరుగుచున్నవి.

పెద్ద రహదారి ఎంత నునుపుగా నున్నను, ఇంటి నుండి దానిని చేరువరకు గల వీధులలో స్పీడ్ బ్రేకర్లును, గొట్టములకై తవ్వి పూడ్చిన పల్లములును తప్పవు. వీనిపై దినమునకు పది పన్నెండు గంటలు నడచు ట్యాక్సీకి కొన్ని ఏండ్లలో షాక్ అబ్జార్బర్లు అరిగిపోవును. కంపెనీ సామాను వెల ఎక్కువ యని యజమాని బజారులో దొరకు బయటి సామాను కొని బిగించును. మరునాడు మొదటి స్పీడ్ బ్రేకరు దిగునప్పుడే క్రింద నుండి 'టక్కు' మని చప్పుడు వినబడును. 'పాతది తీసి కొత్తది వేసితిమి గదా, ఇంకను చప్పుడేల?' అని ఆతడు ప్రశ్నించును. మెకానిక్కు మరియొక సామాను మార్చును, చప్పుడు పోదు. ఇంకొకటి మార్చును. ఇట్లు నాలుగు సామానులు మారిన పిదప, బిగింపు చాలని ఒక నట్టు వద్ద దోషము బయటపడుట అరుదు కాదు. ఈలోగా ఆ కుటుంబపు నెలసరి సంపాదన సగము గ్యారేజీ పాలగును.

ఈ చిక్కు నేటిదిగా కనబడినను దీని మూలము పాతది. బండిని సుఖముగా నడిపించుటకు మానవుడు రెండు వందల యేండ్లుగా చేసిన ప్రతి మార్పును ఒక చప్పుడును అణచి, మరియొక చప్పుడునకు చోటు కల్పించినది. ఆ చరిత్రను తెలిసికొన్నచో చప్పుడు ఎచ్చట పుట్టినదో వెదకు పద్ధతియు తెలియును.

ఇరుసు చేసిన కీచు

ఎడ్లబండిలో చక్రపు కుండలోనికి ఇరుసు దూరియుండును. కందెన ఎండిపోయినచో బండి కీచుమని అరచును. ఈ అరుపునకు కారణము ఘర్షణ. 1785లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూలుంబ్ ఘర్షణను గూర్చి ప్రకటించిన పరిశోధనలలో, నిలిచియున్న వస్తువును కదలించుటకు కావలసిన బలము, కదలుచున్న దానిని కదలించుచుండుటకు కావలసిన బలము కంటె సాధారణముగా ఎక్కువయని చూపెను. కావున ఎండిన ఇరుసు ఒక క్షణము అంటుకొనును, బలము పెరిగి తటాలున జారును, మరల అంటుకొనును. ఇట్లు అంటుకొనుట, జారుట సెకనునకు వందల మారులు జరిగినచో మన చెవికి అది కీచుగా వినబడును. 1939లో ఇంగ్లండులో బౌడెన్, లెబెన్ అను ఇరువురు ఈ అంటు-జారు కదలికను సున్నితమైన పరికరములతో కొలిచి చూపిరి. వయొలిన్ తీగపై కమాను చేయు పనియు ఇదియే.

ఎడ్లబండి చేయు రెండవ చప్పుడు 'లొడలొడ'. అరగిన కుండలో ఇరుసునకు చోటు ఎక్కువైనచో, రాతిపై చక్రము ఎక్కిదిగినప్పుడెల్ల ఇరుసు ఒక అంచు నుండి రెండవ అంచునకు పోయి కొట్టుకొనును. కీచు ఘర్షణ వలన, లొడలొడ వదులు వలన. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. నేటి కారు క్రింద వినబడు చప్పుళ్లలో చాలవరకు ఈ రెండు తెగలలో దేనికో చెందినవే.

కమాను కట్టల కాలము

ఎడ్లబండికి స్ప్రింగులు లేవు. దారిలోని ప్రతి రాయియు బండిలోని మనిషి వెన్నుపూసకు తెలియును. స్ప్రింగు నియమమును ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో వివరించెను: ఒక హద్దు వరకు, బరువు రెట్టింపైన స్ప్రింగు సాగుటయు రెట్టింపగును. 1804లో లండనులో గుర్రపుబండ్లు చేయు ఒబదయా ఎలియట్ ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, రెండు విల్లులను ఎదురెదురుగా కలిపినట్లుండు దీర్ఘవృత్తాకారపు స్ప్రింగును బండ్లకు అమర్చెను. మన లారీ మెకానిక్కులు కమాను కట్టలని పిలుచునవి ఈ జాతివే.

కమాను కట్టకు ఒక విశేషము కలదు. అది వంగునప్పుడు పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనును. ఆ రాపిడి ఊగుటను కొంత ఆపును. అనగా ఒకే వస్తువు స్ప్రింగుగను, ఊపును తగ్గించు సాధనముగను పనిచేయుచున్నది. కాని పట్టీల నడుమ తుప్పు చేరినచో ఆ రాపిడియే కీచుగా మారును. ఇరుసు నుండి పోయిన కీచు స్ప్రింగులోనికి వచ్చినది.

తొలి మోటారు కార్లు ఈ కమాను కట్టలతోనే నడచినవి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలములో తెప్పింపదలచిన రోల్సు రాయిస్ సిల్వర్ ఘోస్టు కారు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదపు సేకరణలో ప్రసిద్ధమైనది. అంతటి రాచకారునకు కూడ ఆధారము ఉక్కు పట్టీలే. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. కమాను కట్ట విరిగినచో విరిగిన పట్టీని తీసి మరియొకటి వేసి బిగించుట మన మెకానిక్కులకు చేతనైన పని. ఆ కట్ట నిర్మాణము బయటికి కనబడునది; లోపల దాగినది లేదు.

నిశ్శబ్దము కొరకు పుట్టిన రబ్బరు

వేగము పెరిగిన కొలది కమాను కట్టల రాపిడి చాలకపోయెను. 20వ శతాబ్ది మొదటి సంవత్సరములలో రాపిడి బిళ్లలతో పనిచేయు ఊపునిరోధకములు అమెరికాలో వ్యాపించినవి. తరువాత వాని స్థానమును నూనెతో పనిచేయునవి ఆక్రమించినవి. నేటి షాక్ అబ్జార్బరులో ఒక ముషలకము నూనెను సన్నని రంధ్రముల గుండ నెట్టును. కదలికలోని శక్తి నూనెలో వేడిగా మారిపోవును. వాడుక పేరు ఎట్లున్నను, రోడ్డు దెబ్బను మొదట తినునది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగులాటను ఆపునది షాక్ అబ్జార్బరు.

రోల్సు రాయిస్ సంస్థలో పనిచేసిన మారిస్ ఆలీ అను ఇంజనీరు 1930లో అమెరికాలోని జనరల్ మోటార్సు సంస్థకు పోయెను. కారు రెండు కొనలయందు బరువులను అటునిటు మార్చి, ప్రయాణ సుఖము ఎట్లు మారుచున్నదో ఆతడు పరీక్షించెను. ముందు స్ప్రింగులు వెనుకవాని కంటె మెత్తగా నుండిన కారు ముందువెనుకలకు తక్కువగా ఊగునని తేలినది. 1934లో ఆ సంస్థ కార్లలో ముందు చక్రములు ఒకదాని కదలిక రెండవదానికి తగులకుండ, చుట్టస్ప్రింగులపై విడివిడిగా కదలు ఏర్పాటు వచ్చెను.

సుఖము పెరిగినది గాని కీళ్లును పెరిగినవి. ఒకే ఇరుసు ఉన్నచోట ఇప్పుడు ప్రతి చక్రమునకు బాహువులు, వాని కొనలకు కీళ్లు, బాలు జాయింట్లు వచ్చినవి. ప్రతి కీలును ఒక చప్పుడు పుట్టదగిన చోటే. దీనికి విరుగుడుగా వ్యాపించినది రబ్బరు బుష్షు. ఇనుప గొట్టములు రెండింటి నడుమ రబ్బరును గట్టిగా పట్టియుంచినచో, కీలు కదలునప్పుడు ఇనుము ఇనుముపై జారదు. రబ్బరే తనలో తాను మెలి తిరుగును. జారుట లేదు గనుక కందెనయు అక్కరలేదు, కీచుయు లేదు. 1920 దశకములో ఫ్రాన్సులో వాడుకలోనికి వచ్చిన ఇట్టి బుష్షునకు పెట్టిన పేరే 'సైలెంట్ బ్లాక్', అనగా నిశ్శబ్దపు దిమ్మ.

రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికను ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ ఈ సామానుల సంఖ్యను తగ్గించెను. షాక్ అబ్జార్బరునే నిలువు స్తంభముగా చేసి, దాని చుట్టు స్ప్రింగును అమర్చి, పైకొనను రబ్బరు మౌంటు ద్వారా కారు దేహమునకు, క్రిందికొనను చక్రమునకు బిగించెను. క్రింద ఒక బాహువు, ఒక బాలు జాయింటు చాలును. ఇదియే మెక్‌ఫర్సన్ స్ట్రట్టు. 1950లో ఇంగ్లండులోని ఫోర్డు సంస్థ ప్రకటించిన కాన్సల్, జెఫిర్ కార్లలో ఇది వచ్చినది.

మన దేశములో 1950 దశకపు చివర మొదలై 2014 వరకు తయారైన అంబాసిడరునకు వెనుక కమాను కట్టలు, ముందు మెలితిరుగు ఉక్కు కడ్డీలు ఉండెను. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తో మెక్‌ఫర్సన్ స్ట్రట్టు సామాన్య కుటుంబముల వాకిళ్లకు వచ్చినది. నేటి చిన్న కార్లలో అధిక భాగమునకు ముందు ఉండునది అదియే.

సామాను మార్పిడి ఎట్లు సాధ్యమైనది?

'బజారులో కొని బిగించుట' అను మాటకే ఒక చరిత్ర కలదు. తొలి దినములలో ప్రతి కారు భాగమును ఆకురాయితో రాచి, పక్క భాగమునకు సరిపెట్టెడివారు. ఒక కారు సామాను మరియొక కారునకు పట్టెడిది కాదు. 1908లో ఇంగ్లండులోని బ్రూక్లాండ్సు పందెపు బాటపై ఒక పరీక్ష జరిగెను. మూడు క్యాడిలాక్ కార్లను పూర్తిగా విడదీసి, భాగములను కలగలిపి, వానిలో 89 భాగములను తీసివేసి దుకాణపు నిల్వలోని క్రొత్తవానిని చేర్చిరి. రాచుట, మలచుట లేకుండ మరల మూడు కార్లను కూర్చి, 500 మైళ్లు, అనగా సుమారు 800 కిలోమీటర్లు నడిపిరి. అవి చెడక నడచినవి. ఒకే కొలతకు ఖచ్చితముగా తయారైన భాగములు ఏ కారులోనైనను ఇముడునని అందరికిని తెలిసెను.

హైదరాబాదులోని పుత్లీబౌలి, రాణీగంజు, విజయవాడలోని ఆటోనగరు వంటి సామాను బజార్లు ఈ సూత్రముపైననే నిలిచియున్నవి. అయితే బ్రూక్లాండ్సులో కలిపిన భాగములన్నియు ఒకే కర్మాగారపు కొలతలకు లోబడినవి. బయటి సామానులో మంచివి చాల కలవు. కాని వాని రబ్బరు గట్టిదనము, మౌంటు మందము, స్ప్రింగు పొడవు మొదటి సామానుతో సరిగా సమానము కాకపోవచ్చును. అంతకంటె ముఖ్యము: క్రొత్త భాగము వచ్చి చేరునది అరగిన పాత భాగముల నడుమకు. చప్పుడు భాగమునకు చెందినది కాదు. రెండు భాగముల నడుమనున్న కూడికకు చెందినది. ఈ ఒక్క సత్యము మరచుట వలననే నాలుగు సామానులు వ్యర్థముగా మారుచున్నవి.

'టక్కు' పుట్టు క్షణము

ఒక కీలులో కొంచెము వదులున్నదని అనుకొందము. బరువు దానిని ఒక వైపునకే అదిమి యుంచినంతసేపు చప్పుడు రాదు. బరువు దిశ మారినప్పుడు ఆ భాగము ఖాళీని దాటి రెండవ వైపును కొట్టును. అప్పుడు టక్కుమనును. కావుననే స్పీడ్ బ్రేకరు ఎక్కునప్పుడు కంటె దిగునప్పుడు, చక్రము క్రిందికి వ్రేలాడి మరల బరువెక్కునప్పుడు, ఈ చప్పుడు తరచుగా వినబడును.

నూనె కారి బలము తగ్గిన పాత షాక్ అబ్జార్బరు తన పైకొనను గాని, పక్క కీళ్లను గాని గట్టిగా లాగలేదు. క్రొత్తది గట్టిగా లాగును, నెట్టును. దానితో అంతవరకు మరుగుననున్న పాత బుష్షు వదులు బయటపడును. ఇది క్రొత్త సామాను దోషము కాదు. అది బయటపెట్టిన పాత దోషము. బిగింపులోని దోషములు వేరు. స్ట్రట్టు పై నట్టు చాలినంత బిగియకపోవచ్చును. స్ప్రింగు కొన తన గాడిలో కూర్చుండకపోవచ్చును. పొట్టి స్ప్రింగు వేసినచో చక్రము వ్రేలాడినప్పుడు అది తన పీఠము నుండి వదులై, మరల పడునప్పుడు కొట్టుకొనును. కారును పైకెత్తి చక్రములు వ్రేలాడుచుండగా రబ్బరు బుష్షుల బోల్టులను తుదిగా బిగించినచో, కారు దించిన తరువాత రబ్బరు ఎల్లప్పుడు మెలిపడియే యుండి త్వరగా చినుగును. కావున ఆ తుది బిగింపు కారు బరువు చక్రములపై నున్న ఎత్తులోనే చేయవలెను. రబ్బరునకు బదులు గట్టి పాలీయూరిథేను బుష్షులు వేసినచో, వానిలో పెక్కింటి యందు మెలి తిరుగుటకు మారుగా జారుట జరుగును; తగిన గ్రీజు లేనిచో ఎడ్లబండి నాటి కీచు తిరిగి వచ్చును.

వినుట ఒక విద్య

ఉక్కులో శబ్దము సెకనునకు సుమారు 5,000 మీటర్ల వేగముతో పోవును; గాలిలో సుమారు 340 మీటర్లే. చక్రము వద్ద పుట్టిన చప్పుడు ఉక్కు దేహము వెంట వ్యాపించి, డాషుబోర్డు క్రింద పుట్టినట్లు వినబడవచ్చును. కావున చెవి చూపిన చోటునే నమ్మరాదు. 1816లో పారిస్ వైద్యుడు లెనెక్ కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపునకు అదియే ఆరంభము. ఇంజను చప్పుడు పట్టుటకు స్క్రూడ్రైవరు కొనను ఇనుముపై ఆనించి, పిడిని చెవి వద్ద నుంచుకొను పాత మెకానిక్కు చేయునది అట్టి పనియే. నేడు చిన్న మైకులను భాగములకు తగిలించి, కారు నడుచుచుండగా ఒక్కొక్కదానిని వినిపించు పరికరములును కలవు.

పరికరము లేకున్నను క్రమముగా పరీక్షింపవచ్చును. మొదట డిక్కీలోని స్టెప్నీ, జాకీ, పనిముట్లను తీసివేసి నడిపి చూడవలెను. చప్పుడు వచ్చునప్పుడు బ్రేకును మెల్లగా త్రొక్కిన అది ఆగినచో బ్రేకు ప్యాడ్లను అనుమానింపవలెను. తరువాత చేయి పడిన చోట్లను, అనగా క్రొత్తగా విప్పి బిగించిన ప్రతి నట్టును, కారు పుస్తకములో చెప్పిన బిగింపునకు సరిచూడవలెను.

అటుపిమ్మట రెండు చక్రములు ఒకేసారి ఎక్కునట్లు స్పీడ్ బ్రేకరుపై నెమ్మదిగా పోవలెను. మరల ఒక్క చక్రమే ఎక్కునట్లు గతుకుపై పోవలెను. కుడి ఎడమ చక్రములను కలుపు స్టెబిలైజరు కడ్డీ, రెండు చక్రములు సమముగా లేచునప్పుడు మెలి తిరుగదు. ఒక్కటి లేచినప్పుడే మెలి తిరుగును. కావున రెండవ పరీక్షలో మాత్రమే చప్పుడు వచ్చినచో దాని లింకు రాడ్డును, దాని బుష్షులను ముందు చూడవలెను. నిలిచియున్న కారు స్టీరింగు త్రిప్పునప్పుడు స్ప్రింగు 'టంగు' మన్నచో, స్ట్రట్టు పైనున్న బేరింగు తిరుగక స్ప్రింగు మెలిపడి విడుచుకొనుచున్నదని ఊహింపవచ్చును. కీచు వచ్చు రబ్బరుపై కొంచెము నీరు చల్లగా కొంతసేపు ఆగినచో ఆ చోటే దోషస్థానము. రబ్బరునకు మామూలు ఇంజను నూనె పూయరాదు. సహజ రబ్బరు ఉబ్బి పాడగును.

చివరకు చక్రమును పైకెత్తి, దృఢమైన స్టాండుపై కారు నిలిపి, చక్రపు పై-క్రింది అంచులను పట్టి ఊపి చూడవలెను. వదులున్నచో బాలు జాయింటు గాని చక్రపు బేరింగు గాని అరిగినదనుకొనవలెను. కుడి-ఎడమ అంచులు పట్టి ఊపగా మాత్రమే వదులు తెలిసినచో స్టీరింగు టైరాడ్డును చూడవలెను. జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందికి ఎవ్వరును దూరరాదు. ఒక్కొక్క మార్పు చేసి, అదే దారిపై, అదే వేగమున మరల వినవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో చప్పుడు పోయినను కారణము తెలియదు.

తరగతిలో ఒక లెక్క

భారత రహదారుల కాంగ్రెసు 1988 నాటి మార్గదర్శకములలో, గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటుటకు తగిన స్పీడ్ బ్రేకరు వంపు వ్యాసార్ధము 17 మీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు అని చెప్పబడినది. వెడల్పు వర్గమును వ్యాసార్ధమునకు 8 రెట్లతో భాగించిన ఎత్తు వచ్చునని విద్యార్థులు వృత్తఖండపు జ్యామితితో రుజువు చేయవచ్చును: 13.69ను 136తో భాగించిన సుమారు 0.10 మీటరు. ఇప్పుడు తమ పాఠశాల ఎదుటి స్పీడ్ బ్రేకరును టేపుతో కొలిచి పోల్చవలెను. ఎత్తు అంతేయుండి వెడల్పు అర మీటరే అయినచో వంపు వ్యాసార్ధము సుమారు 36 సెంటీమీటర్లకు తగ్గును. అది దాటు ప్రతి కారు కీలునకును సమ్మెటపోటు వంటిది.

చప్పుడును వినోదముగా గాని విసుగుగా గాని చూచి ఊరకుండరాదు. లింకు రాడ్డు వదులు చెవికి బాధ కలిగించును. కాని బాలు జాయింటు ఊడినచో చక్రము ప్రక్కకు వాలి, స్టీరింగు మాట వినదు. ఈ రెండింటి చప్పుడును మొదట ఒకే తీరుగా నుండవచ్చును. చక్రమును పట్టి ఊపి చూచుటకు కొన్ని నిమిషములు చాలును. బాహ్య వలయ రహదారిపై వేగమందుకొనుటకు ముందే ఆ పని జరుగవలెను.